మామయ్య కొడుకు ఏమవుతాడు

ఆగస్టు 18, సోమవారం

ఫస్టియర్ వాళ్ళకి ఈ రోజు మొదటి క్లాసు. కంప్యూటర్స్‌లో సీటు దొరకనివాళ్ళు, కామర్స్ అంటే భయపడ్డవాళ్ళు, ఏదో ఒక డిగ్రీ ఉండాలి కదా అని ఇంట్లో తోసి పంపినవాళ్ళు, అందరూ కలిసి నా సోషియాలజీకి వచ్చి పడ్డారు. సోషియాలజీ అంటే ఏంటని అడిగితే ఒకడు సోషల్ సర్వీస్ అన్నాడు. శావల్యాపురం నుంచి బస్సులో వచ్చే సాయి ప్రియ అనే పిల్ల మాత్రం, ఇది చదివితే మాకేం తెలిసిద్ది మేడం అని సూటిగా అడిగింది.

రోజూ చూసేదాన్ని మొదటిసారి చూసినట్టు చూడటం తెలుస్తుంది అన్నాను. భలే చెప్పాననుకున్నాను. వాళ్ళ మొహాల్లో ఏ మార్పూ లేదు.

అందుకని పని పెట్టాను. వారం పాటు మీ వీధిలో ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో గమనించండి, ఎందుకలా పిలుస్తారో మిమ్మల్ని మీరే అడగండి అన్నాను. వాళ్ళకి చెప్పి నేను చెయ్యకపోతే బాగుండదు. నాన్న పోయినప్పటి నుంచి అలమారలో పడి ఉన్న ఈ డైరీ అందుకే బయటికి తీశాను. ఎవరూ చదివేది కాదు కాబట్టి నీతులు రాయనక్కర్లేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నీళ్ళ మోటారు ఆగిపోయి ఉంది. పక్కింటి ఫహీమన్న వచ్చి బాగు చేశాడు. వినుకొండ రోడ్డులో అతనిది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు పట్టుకుని రైతులు అక్కడ కాచుకుని కూర్చుంటారు. అయినా అమ్మ ఒక్క ఫోన్ కొడితే అవన్నీ వదిలేసి వస్తాడు. నాన్న లేని ఇల్లని అతనికి జాలి.

ఆగస్టు 25, సోమవారం

పిల్లలు నిజంగానే రాసుకొచ్చారు. కిరాణా కొట్టాయన బాబాయి, పాలాయన మామ, కరెంటు లైన్‌మన్ అన్న. ఊరంతా చుట్టాలే. మరి వరస కలపకుండా పిలిచేవాళ్ళు ఎవరూ లేరా అని అడిగాను. వెల్దుర్తి అబ్బాయి హర్ష లేచి, మా పొలం పనికి వచ్చే ఆయనది మా తాత వయసు, ఆయన్ని మాత్రం ఒరేయ్ అంటాం మేడం అని చెప్పి తల దించుకుని కూర్చున్నాడు. ఒక్కరూ నవ్వలేదు. ఏడేళ్ళ సర్వీసులో ఇంత మంచి క్లాసు నాకు జరగలేదు.

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. ఉత్సాహం ఆగక బోర్డు మీద మా ఇల్లే గీశాను. ఇటు మా అమ్మ వీరరాఘవమ్మ. గోడ అవతల జాన్ సాహెబ్. అమ్మ ఆయన్ని అన్నయ్యా అంటుంది కాబట్టి ఆయన నాకు మామయ్య. ఆయన భార్య గుల్జార్ బేగం నాకు అత్తయ్య. రక్తం ఒకటి కాదు, మతం ఒకటి కాదు, అయినా వరస ఎంత చక్కగా కుదిరిందో చూడండి అన్నాను. నాన్న పోయినప్పుడు అమ్మకి పుట్టింటి చీర తేవాల్సిన సొంత అన్న ఏదో పాత గొడవ మనసులో పెట్టుకుని రాలేదు. జాన్ సాహెబ్ మామయ్య వెళ్ళి చీర కొనుక్కొచ్చి, అందరి ముందూ అమ్మ ఒడిలో పెట్టాడు. అదీ చెప్పాను. ముందు బెంచీలో ఆడపిల్లలు కళ్ళు తుడుచుకున్నారు. నాకు నేను తెగ నచ్చేశాను.

అప్పుడు సాయి ప్రియ చెయ్యెత్తి, వాళ్ళ పిల్లల్ని ఏమంటారని అడిగింది. కొడుకు ఫహీమన్న, కూతురు జెబా, జెబా నన్ను అక్కా అంటుంది అని చెప్పి ఇద్దరి పేర్లూ బోర్డు మీద రాశాను.

‘మామయ్య కొడుకు అన్న ఎట్టా అవుతాడు మేడం? బావ గదా. ఆయన చెల్లెలు కూడా మిమ్మల్ని వదినా అనాల.’

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంతలో బెల్లు కొట్టారు. జవాబు తర్వాత చెప్తానని, బోర్డు తుడవకుండానే వచ్చేశాను.

ఆగస్టు 26

ఆ పిల్లకి నోరెక్కువ.

ఆగస్టు 28

ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేం లేదు.

ఆగస్టు 31, ఆదివారం

పిల్లలకిచ్చిన పని నేనూ చేస్తున్నాను. నేను ఫహీమన్నని ఏమంటానో తెలుసు. అతను నన్నేమంటాడు?

చెల్లెమ్మా అని ఎప్పుడూ అనలేదు. ఎంత గుర్తు చేసుకున్నా ఒక్కసారి కూడా దొరకలేదు. పోనీ పేరు పెట్టి పిలుస్తాడా అంటే అదీ లేదు. ‘ఇదిగో, స్విచ్ వెయ్యి.’ ‘ఇదిగో, కాలేజీ ఇప్పుడయిందా?’ అంతే. స్కూలు రోజుల్లో వీధి చివర నుంచి సుప్రజా అని గట్టిగా కేకేసేవాడు. ఆ కేక ఎప్పుడు ఆగిపోయిందో నేను పట్టించుకోలేదు. నేను అన్నయ్యా అనడం మొదలుపెట్టినప్పుడే ఆగిపోయి ఉంటుంది.

ఎవరూ చదివేది కాదు కదా, రాస్తాను. నాకు ఫహీమ్ అంటే ఇష్టం. ఇప్పుడు పుట్టిన ఇష్టం కాదు. వచ్చిన సంబంధాలన్నీ ఉద్యోగం పర్మనెంట్ అయ్యాక చూద్దాంలే అని ఎందుకు తిప్పికొట్టానో ఈ వారం అర్థమైంది. కాలేజీ నుంచి వచ్చేటప్పుడు దగ్గర దారి వదిలేసి వినుకొండ రోడ్డు మీదుగా ఎందుకు వస్తానో కూడా అర్థమైంది. అటు నీడ ఎక్కువని ఇన్నాళ్ళూ అమ్మకి చెప్పాను. నాకూ అదే చెప్పుకున్నాను. ఆ రోడ్డులో చెట్లే లేవు.

సెప్టెంబర్ 6, శనివారం

అమ్మ గోంగూర ఒలుస్తుంటే పక్కన కూర్చుని, క్లాసు కోసమని అబద్ధం చెప్పి అడిగాను. ఫహీమ్‌ని అన్నయ్యా అనమని ఎప్పుడు చెప్పావు అని.

నేను పెద్దమనిషినైనప్పుడట. ఫంక్షన్ రోజున మేనమామ చీర జాన్ సాహెబ్ మామయ్యే తెచ్చాడు. అత్తయ్య నాకు కట్టి, పూలు పెట్టింది. ఆ సాయంత్రమే అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, ఇక మీదట వాణ్ణి పేరు పెట్టి పిలవొద్దు, అన్నయ్యా అనాలి అని చెప్పిందట. నాకు లీలగా గుర్తుంది. సరే అని తలూపి లడ్డూ తిన్నాను.

అంటే మేనమామ పెట్టిన చీర కట్టుకుని, ఆ మేనమామ కొడుకునే అన్నయ్యా అన్నాను. రెండూ ఒకే రోజున. ఇంటి నిండా ఉన్న పెద్దవాళ్ళలో ఒక్కరికీ అది వింతగా తోచలేదు. ఆ వరస మామయ్య దాకా వచ్చి, అతని దగ్గర ఆగిపోవాలని అందరికీ తెలుసు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, అంతే. దీన్ని పిల్లలకి పాఠంగా చెప్తే వాళ్ళకి జన్మలో మర్చిపోని పాఠం అవుతుంది. నేను చెప్పలేను.

సెప్టెంబర్ 14, ఆదివారం

అత్తయ్య వచ్చింది. ఫహీమ్‌కి మాచర్ల సంబంధం వచ్చిందట. అమ్మాయి పేరు నజీమా. ఫోన్‌లో ఫొటో చూపించింది. బాగుంది. అదే అన్నాను, బాగుంది అత్తయ్యా అని.

వచ్చే ఆదివారం చూడటానికి వెళ్తున్నారు. నన్నూ రమ్మంది. ‘చదువుకున్నదానివి, నువ్వు చూసి చెప్తే నాకు ధైర్యం. చెల్లెలివి నువ్వు రాకపోతే ఎట్టా?’ అంది. అమ్మ కూడా, వెళ్ళి రావే, వదిన అంతగా అడుగుతుంటే, అంది.

సెప్టెంబర్ 15

తలనొప్పి. కాలేజీకి వెళ్ళలేదు.

సెప్టెంబర్ 21, ఆదివారం

మాచర్ల వెళ్ళి వచ్చాం. కారులో ముందు సీటులో అతను, వెనకాల అత్తయ్య, జెబా, నేను. పిడుగురాళ్ళ దాటేదాకా అందరం కిటికీల్లోంచి బయటికే చూశాం. జెబా ఒక్కతే ఫోన్ చూసి నవ్వుకుంటూ ఉంది.

నజీమాలో ఏదో ఒక వంక దొరుకుతుందని ఎంత ఆశపడ్డానో ఇక్కడ రాసుకోవాలి. దొరకలేదు. మాట నెమ్మది. నవ్వితే కళ్ళు కూడా నవ్వుతాయి. మగవాళ్ళు ముందు గదిలో ఉండగా నన్ను పక్కకి తీసుకెళ్ళి, ఆయనకి కూరలో కారం ఎక్కువ కావాలా, కోపం వస్తే ఏం చేస్తాడు అని అడిగింది. చెప్పాను. కారం చాలా కావాలి. కోపం వస్తే మాట్లాడడు, రేడియోలో పాటలు పెద్దగా పెట్టుకుంటాడు, అప్పుడు టీ ఇస్తే చాలు అన్నాను. ఆ అమ్మాయి చాలా శ్రద్ధగా విన్నది. ఇంకా ఎన్నో తెలుసు నాకు. అన్నీ చెప్పెయ్యాలనిపించలేదు.

అన్నీ చెప్పలేదు. కొన్ని నా దగ్గరే ఉంచుకున్నాను.

సెప్టెంబర్ 23, మంగళవారం

కాలేజీ మోటారు కాలిపోయింది. నీకు తెలిసిన షాపే కదమ్మా, చెప్పి రా అని ప్రిన్సిపాల్ పంపించారు. ఆటోలో మోటారు వేసుకుని వెళ్ళాను.

అతను ఏదో బోరు మోటారుకి రాగి తీగ చుడుతున్నాడు. కూర్చోమన్నాడు. రేడియో పెద్దగా పాడుతోంది. లేచి దాన్ని ఆపేశాడు. తిరిగి తీగ పట్టుకుని, నా వైపు చూడకుండానే, ఇదిగో, ఆ అమ్మాయి ఎట్టా ఉంది అని అడిగాడు. అందరం చూశాం కదా, అందరికీ నచ్చింది అన్నాను.

‘అందరి సంగతి నేనడగలా. నువ్వు వద్దంటే ఇప్పుడే చెప్పు. ఇంట్లో నేను మాట్లాడుకుంటా.’

ఎందుకు వద్దంటానని అతను అడగలేదు. నాకూ అడగాల్సిన పని లేకపోయింది. ఇద్దరికీ తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు.

వద్దు అనే మాట నోటిదాకా వచ్చింది. దాంతోపాటు అమ్మ ఒడిలో పెట్టిన ఆ చీర గుర్తొచ్చింది. నేను ఆ మాట అంటే మామయ్య మళ్ళీ మా గడప తొక్కుతాడా? అన్నయ్యా అన్నది ఆయన కొడుకుని అల్లుణ్ణి చేసుకోవడానికేనా అని అమ్మనే అంటారు. అన్నయ్యా అని అమ్మ నోరారా పిలుచుకునే ఒక్క మనిషీ పోతాడు. అటు వాళ్ళ మసీదులో, ఇటు మా చుట్టాల్లో ఎవరేమంటారో అది వేరే సంగతి. అదంతా ఒక్క నిమిషంలో తోచిందని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడైతే వట్టి భయమే.

‘మంచి అమ్మాయి అన్నయ్యా, ఒప్పుకో’ అన్నాను.

అతను చేతిలో తీగ అలాగే పట్టుకుని ఉండిపోయాడు. తర్వాత, సరే అన్నాడు. మోటారు గురువారానికి అయిపోతుందని ప్రిన్సిపాల్ గారికి చెప్పమన్నాడు. వస్తానని చెప్పి వచ్చేశాను. నేను మలుపు తిరిగేదాకా రేడియో మళ్ళీ మోగలేదు.

సెప్టెంబర్ 24

అన్నయ్యా అన్నాను. నేనే అన్నాను. ఎవరూ అనమని చెప్పలేదు.

అక్టోబర్ 6, సోమవారం

దసరా సెలవుల తర్వాత మొదటి క్లాసు. పేరు పెట్టి ఎవర్ని పిలవకూడదు అనేది ఈ రోజు పాఠం. పిల్లలు పోటీలు పడి చెప్పారు. పెళ్ళయి ఇంటికొచ్చిన జంటని ఆడపడుచు గడపలో అడ్డం నిలబడి ఆపుతుందని, ఒకరి పేరు ఒకరు చెప్పందే లోపలికి రానివ్వదని ఒకమ్మాయి చెప్పింది. మా ఇళ్ళల్లోనూ ఉంది మేడం, పెళ్ళికొడుకు చెల్లెల్ని బతిమాలుకుంటేనే దారి వదిలిద్ది అన్నాడు అక్రం. చర్చికి వెళ్ళేవాళ్ళు మాకూ ఉందన్నారు. మరి ఆ ఒక్క రోజు పేరు చెప్పించి, తర్వాత జీవితమంతా పేరు లేకుండా ఎలా పిలుచుకుంటారు అని అడిగాను.

సాయి ప్రియే చెప్పింది. ‘మా అమ్మా నాయనా ఒకళ్ళనొకళ్ళు ఇదిగో అనుకుంటారు మేడం. ఇదిగో అంటే ఇంట్లో ఎంతమంది ఉన్నా మా అమ్మే పలికిద్ది.’

అందరూ అవునంటే అవునన్నారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ అంతేనట. పాఠం బాగా అర్థమైంది అందరికీ. నేను నీళ్ళు తాగొస్తానని చెప్పి స్టాఫ్ రూమ్‌కి వెళ్ళి ఏడ్చాను.

అక్టోబర్ 19

నవంబర్ తొమ్మిది, ఆదివారం. కార్డులు వచ్చాయి. ఆహ్వానించువారిలో జెబా పేరు పక్కన నా పేరు కూడా వేయించాడు మామయ్య. చూసి అమ్మ మురిసిపోయింది.

ఫహీమన్న పెళ్ళి. ఫహీమన్న పెళ్ళి. రాసుకుంటే అలవాటవుతుందేమో అని రాస్తున్నాను.

అక్టోబర్ 29, బుధవారం

తుఫాను. కాలేజీకి సెలవు. పొద్దున్నుంచి కరెంటు లేదు. పత్తి అంతా పోయిందని వీధిలో అందరూ గోల పెడుతున్నారు. అమ్మా నేనూ వాన జల్లు కొట్టకుండా కిటికీకి గోనెసంచి కట్టి, చేసేదేం లేక ఎదురెదురుగా కూర్చున్నాం.

పెళ్ళికి ఏ చీర కట్టుకుంటావని అడిగింది. ఏదో ఒకటి అన్నాను. నా మొహం చూడకుండా మొదలుపెట్టింది.

‘ఆ మాట నీ చేత అనిపించింది నేనే. తెలవక చెయ్యలా. అన్నయ్యా అన్నావు గనకనే ఇన్నేళ్ళు ఆ ఇంట్లో తిరిగావు, వాళ్ళ చేతి అన్నం తిన్నావు. అనకపోతే ఆ రోజే ఆ తలుపు మూసేవాళ్ళం. ఇటు నేను, అటు వదిన.’

అయితే అమ్మకి తెలుసు. ఎప్పటి నుంచి అని అడగలేదు. కోపం రావాల్సింది, రాలేదు. అమ్మ ఆ రోజు నాకు తలుపు తెరిచి ఉంచిందో, మూసిందో నాకే తేలలేదు. రెండూ చేసిందేమో. ఇప్పుడెందుకమ్మా చెప్తున్నావ్ అని మాత్రం అడిగాను.

‘పెళ్ళిలో ఏడవమాకు తల్లీ. ఎవరన్నా చూస్తారు’ అంది.

ఇద్దరం అప్పుడే ఏడ్చేశాం. బయట వాన గట్టిగా కురుస్తోంది కాబట్టి గోడ అవతలికి వినపడదు.

నవంబర్ 8

చేతికి మెహందీ పెట్టించుకున్నాను. జెబా బలవంతం. బాగా పండింది.

నవంబర్ 10, సోమవారం

నిన్న అయిపోయింది.

మాచర్లలో నిఖా అయ్యాక జెబా, నేను ముందు కారులో తిరిగి వచ్చేశాం. ఇల్లు సర్దాం, గడపకి పూలు కట్టాం. పని ఉన్నంతసేపూ నేను బాగానే ఉన్నాను. పొద్దు గుంకేముందు పెళ్ళివారి కారు వచ్చింది. అక్కా, ఇటు నువ్వు అటు నేను అంటూ జెబా నన్ను గుమ్మంలోకి లాగింది. ఇద్దరం చెరో పక్కా నిలబడి చేతులు అడ్డంగా చాపాం. వీధిలో వాళ్ళంతా వచ్చారు. అమ్మ మెట్ల పక్కన నిలబడింది.

జెబా నాకన్నా ముందే మొదలుపెట్టింది. పేర్లు చెప్పందే దారి లేదంది. నజీమా సిగ్గుపడుతూ ఫహీమ్ అంది. అతను నజీమా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జెబా తనకి ఇవ్వాల్సిన ఉంగరం తీసుకుని చెయ్యి దించింది. నా చెయ్యి ఒక్కటే మిగిలింది. చెల్లెల్ని అడుగు, బతిమాలుకో అని వెనక నుంచి కేకలు.

అతను తలెత్తి నన్ను చూశాడు. ఇదిగో అనలేదు.

‘సుప్రజా’ అన్నాడు.

అంతమందిలో ఆ ఒక్క మాటే అన్నాడు. స్కూలు రోజుల్లో వీధి చివర నుంచి కేకేసినట్టు కాదు, నాకొక్కదానికే వినపడేంత నెమ్మదిగా. కానీ పక్కనున్న అత్తయ్యకి వినపడింది. ‘ఏందిరా, చెల్లెల్ని పేరు పెట్టి పిలుస్తారా ఎవరన్నా?’ అని నవ్వింది. అందరూ నవ్వారు. నజీమా కూడా నవ్వింది, కళ్ళతో సహా.

అతను తల దించుకున్నాడు.

‘చెల్లెమ్మా, దారి వదులు.’

మొదటిసారి అన్నాడు. నేను చెయ్యి దించాను. ఇద్దరూ కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళారు. వెళ్తూ నజీమా నా చెయ్యి పట్టుకుని నొక్కింది. నేను ఏడవలేదు. అమ్మ చెప్పిన మాట తప్పలేదు.

నవంబర్ 13, గురువారం

క్లాసు అయ్యాక సాయి ప్రియ ఆగింది. ఆ రోజు బోర్డు మీద వేసిందానికి జవాబు మీరింకా చెప్పలేదు మేడం, మామయ్య కొడుకు ఏమవుతాడు అని అడిగింది. పరీక్షలో వస్తుందేమోనని దాని భయం.

అన్నే అవుతాడు అని చెప్పాను. ఎట్టా మేడం అంది. పిలవగా పిలవగా అవుతాడమ్మా, అంతే అన్నాను. దానికి నచ్చలేదు. నచ్చనట్టే మొహం పెట్టి వెళ్ళింది. మంచి పిల్ల. బాగా చదువుకుంటుంది.

ఈ రోజు దగ్గర దారిలోనే ఇంటికి వచ్చాను.

నవంబర్ 16, ఆదివారం

పొద్దున వంటింట్లో కూర తాలింపు పెడుతున్నాను. అమ్మ పక్కన కొబ్బరి తురుముతోంది. గోడ అవతల వాళ్ళ పెరట్లో నుంచి అతని గొంతు వినపడింది.

‘ఇదిగో, కాసిని నీళ్ళు తే.’

నేను ‘ఆఁ’ అన్నాను.

అవతల గాజుల చప్పుడు, వస్తున్నానని నజీమా గొంతు. అమ్మ తురమడం ఆపి నా వైపు చూసింది. తాలింపు మాడుతోందని చెప్పి నేను పొయ్యి వైపు తిరిగాను.